అలారం మోగింది, కంప్యూటర్ 'సేఫ్' అంది

మన సాఫ్ట్‌వేర్ వాళ్ళలో థెరాక్-25 కథ వినని వాళ్ళు తక్కువే. టెస్టింగు మీద ఏ ప్రెజెంటేషన్‌కి వెళ్ళినా ఎవరో ఒకరు ఆ స్లైడు పెట్టే ఉంటారు. 1985-87 మధ్య అమెరికా, కెనడాల్లో ఆరుగురు రోగులకి మోతాదు మించి రేడియేషన్ కొట్టిన యంత్రం, అందులో ఒక రేస్ కండిషన్, చివర్లో "కాబట్టి నాయనలారా, టెస్టింగు బాగా చెయ్యండి" అన్న హితబోధ. మంచి కథే, కాదనను. కాకపోతే ఆ తర్వాత ఐదారేళ్ళకి అమెరికాలోనే ఇంకో సంఘటన జరిగింది. దాన్ని మనవాళ్ళెవరూ స్లైడులో పెట్టరు. ఎందుకంటే అందులో చూపించడానికి కోడ్ లేదు. ఒక లైసెన్సు, ఒక కాంట్రాక్టు, ఎవరూ నమ్మని ఒక అలారం ఉన్నాయంతే. నన్నడిగితే మన ఉద్యోగాలకి థెరాక్ కంటే ఇదే దగ్గర.

ముందు కొంచెం నేపథ్యం. రేడియేషన్ వాడే ఆసుపత్రికి డాక్టరు, యంత్రం ఉంటే సరిపోదు. యంత్రం చెప్పినంతే ఇస్తోందో లేదో కొలిచి చూసే భౌతికశాస్త్రం మనిషి కావాలి. పనిచేసేవాళ్ళు ఎంత రేడియేషన్ తింటున్నారో లెక్క చూసే ల్యాబు కావాలి. గోడల మందం దగ్గర్నించి పాత సోర్సుని ఎక్కడికి పంపాలి అన్నదాకా చూసుకోవడానికి ఒక భద్రతాధికారి కావాలి. మన దేశంలో ఆయన్ని ఆర్ఎస్ఓ అంటారు, రేడియలాజికల్ సేఫ్టీ ఆఫీసర్. పెద్ద ఆసుపత్రిలో వీళ్ళందరికీ ఒక డిపార్టుమెంటు ఉంటుంది. చిన్న ఆసుపత్రికి అంత తాహతు ఉండదు కాబట్టి బయట నుంచి కొనుక్కుంటుంది. మన భాషలో మేనేజ్డ్ సర్వీసెస్ అన్నమాట. ఇందులో తప్పు పట్టాల్సింది ఏమీ లేదు. నా జీతమూ అలాంటి ఏర్పాట్లలోంచే వస్తోంది. తేలాల్సింది ఒకటే: పనిని బయటకి ఇచ్చాక ఇంట్లో ఏం మిగలాలి?

అసలు కథకి ముందు ఒకసారి మెక్సికో వెళ్ళిరావాలి. అక్కడ హువారెస్ అని అమెరికా సరిహద్దు మీద ఉండే ఊరు. 1977లో అక్కడి ఒక ప్రైవేటు ఆసుపత్రి, క్యాన్సర్ చికిత్సకి పనికొచ్చే పాత కోబాల్ట్-60 యంత్రాన్ని అమెరికా నుంచి సెకండ్‌హ్యాండులో కొంది. యంత్రమైతే చవగ్గా వచ్చింది గానీ, దాన్ని నడిపేవాళ్ళు దొరకలేదు. తీసుకెళ్ళి గోదాములో పడేశారు. ఆరేళ్ళు అలాగే పడుంది. 1983 డిసెంబరులో అక్కడ పనిచేసే మనిషి ఒకడు దాన్ని విడగొట్టి తుక్కు కింద అమ్మాడు. లోపలి స్టీలు డబ్బాలో మిల్లీమీటరు సైజు కోబాల్ట్ గుళ్ళు సుమారు ఆరు వేలు ఉన్నాయి. డబ్బాకి చిల్లు పడింది. కొన్ని దారిలో రాలాయి, కొన్ని ట్రక్కులో ఉండిపోయాయి, మిగిలినవి తుక్కుతో పాటు కొలిమిలోకి వెళ్ళాయి. అక్కణ్ణుంచి ఇళ్ళు కట్టే ఇనప చువ్వలుగానూ, టేబుళ్ళ కాళ్ళుగానూ బయటికొచ్చాయి.

ఇది ఎలా బయటపడిందో తెలిస్తే నవ్వాలో ఏడవాలో తెలీదు. 1984 జనవరిలో ఆ చువ్వలు వేసుకుని వెళ్తున్న ఒక లారీ, న్యూమెక్సికోలో దారితప్పి లాస్ అలమోస్ అణు ప్రయోగశాల వైపు వెళ్ళింది. అక్కడ రోడ్డు పక్క డిటెక్టరు మోగింది. ఆ లారీ సరైన దారిలో వెళ్ళుంటే ఇంకెన్నాళ్ళకి తెలిసేదో! తర్వాత మెక్సికోలో వేల ఇళ్ళు తనిఖీ చేసి, ఆ చువ్వలు పడ్డ 800కి పైగా కట్టడాల్ని కొన్ని పూర్తిగా, కొన్ని కొంతమేర పడగొట్టాల్సి వచ్చింది. అప్పట్నుంచే అమెరికాలో ఉక్కు మిల్లులూ తుక్కు కంపెనీలూ గేటు దగ్గర రేడియేషన్ డిటెక్టర్లు పెట్టుకోవడం ఎక్కువైంది. పోను పోను చెత్త కంపెనీలు కూడా పెట్టుకున్నాయి. ఈ చెత్త కంపెనీల సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పని పడుతుంది.

ఇప్పుడు పెన్సిల్వేనియా. ఆ రాష్ట్రంలో ఇండియానా అని ఒక చిన్న ఊరుంది (ఇండియానా రాష్ట్రం వేరు, తికమక పడకండి). అక్కడి క్యాన్సర్ కేంద్రాన్ని ఆంకాలజీ సర్వీసెస్ కార్పొరేషన్ అనే సంస్థ నడిపేది. ఆ సంస్థకి ఇలాంటి కేంద్రాలు చాలానే ఉన్నాయి. అణు నియంత్రణ సంస్థ ఎన్నార్సీ ఇచ్చిన లైసెన్సు కార్పొరేషన్ పేరు మీద ఉంది. రేడియేషన్ భద్రతాధికారి కూడా అన్ని కేంద్రాలకీ కలిపి కార్పొరేట్ స్థాయిలో ఒకరే. కాగితం మీద చూస్తే ఏ లోటూ లేదు. చిన్న ఊళ్ళో, పెద్ద నగరంలో దొరికే వైద్యం దొరుకుతోంది. లైసెన్సు ఉంది, అధికారి ఉన్నాడు, యంత్రం కొత్తది.

ఆ యంత్రం పేరు ఆమ్నిట్రాన్ 2000. సన్నటి తీగ, దాని చివర చిన్న ఇరిడియం-192 ముక్క. రోగి శరీరంలో కణితి దగ్గరికి ముందే సన్నటి గొట్టాలు, అంటే కెథెటర్లు, పెడతారు. అందరూ గదిలోంచి బయటికొచ్చాక యంత్రం తీగని ఒక్కో గొట్టంలోకి తోసి, లెక్క ప్రకారం కొన్ని నిమిషాలు ఉంచి వెనక్కి లాగేసుకుంటుంది. ముక్క చిన్నదే గానీ ఆ రోజు దాని బలం 4.2 క్యూరీలు. ఒక సెంటీమీటరు దూరంలో గంటకి 170 గ్రేల దాకా ఇస్తుంది. అది యంత్రంలో కవచం మధ్య ఉన్నంతసేపూ సాధువే.

1992 నవంబరు 16న ఎనభై దాటిన ఒక పెద్దావిడకి చికిత్స మొదలెట్టారు. మొత్తం మూడు విడతల్లో 18 గ్రేలు ఇవ్వాలి, ఇది మొదటి విడత. ఐదు గొట్టాలున్నాయి. నాలుగింట్లోకి తీగ బాగానే వెళ్ళొచ్చింది. ఐదోదానిలోకి వెళ్ళనని మొరాయించింది. ఒకటికి రెండుసార్లు ప్రయత్నించి, ఇవాళ్టికి చాలని ఆపేశారు. అప్పటికే తీగ తెగిపోయింది. ఇరిడియం ముక్క గొట్టంలోనే ఉండిపోయింది. యంత్రం మాత్రం మిగిలిన తీగని వెనక్కి లాక్కుని, సోర్సు లోపలికి వచ్చేసిందనే లెక్క వేసుకుని, తెర మీద 'సేఫ్' అని చూపించింది.

గదిలో ఇంకో పరికరం ఉంది. యంత్రంతో సంబంధం లేకుండా, గదిలో రేడియేషన్ ఉంటే ఎర్రలైటు వెలిగించే మానిటర్. అది వెలుగుతోంది. అక్కడున్నవాళ్ళు దాన్ని చూశారు కూడా. కానీ ఆ మానిటర్ ఇంతకుముందు కూడా అబద్ధాలు చెప్పిన బాపతు. మరోపక్క లక్షల డాలర్ల యంత్రం తెర మీద 'సేఫ్' అంటోంది. ఏది నమ్ముతారు? చేతిలో పట్టుకుని కొలిచే సర్వే మీటర్ ఆ కేంద్రంలోనే ఉంది. దాన్ని తెచ్చి ఆవిడ దగ్గర అర నిమిషం పెడితే విషయం తేలిపోయేది. ఎవరూ తేలేదు. గొట్టాలు అలాగే ఉంచి ఆవిణ్ణి అంబులెన్సులో నర్సింగ్ హోముకి పంపేశారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. రాత్రి రెండింటికి అలర్టు వస్తే "ఆఁ, ఇది ఎప్పుడూ వచ్చేదేలే" అని మ్యూట్ చేసి పడుకోని వాళ్ళు మనలో ఎంతమంది? డ్యాష్‌బోర్డు పచ్చగా ఉంది, కస్టమరు ఫోన్ చేసి పనిచెయ్యట్లేదంటున్నాడు, మనం డ్యాష్‌బోర్డుని నమ్ముతాం. అందుకే ఆ టెక్నీషియన్లని తిట్టడానికి నాకు నోరు రాదు. పదిసార్లు అబద్ధం చెప్పిన అలారాన్ని బాగుచేయించని వాడి పాపం, పదకొండోసారి దాన్ని నమ్మని వాడి కన్నా పెద్దది. చికిత్స అయ్యాక మీటరుతో కొలవాలన్న సంగతి వాళ్ళకి అలవాటు చెయ్యాల్సిన మనిషి ఆ భవనంలో లేడు. కార్పొరేషన్‌లో ఉన్నాడు.

తర్వాతి నాలుగు రోజులు ఆ ముక్క ఆవిడ ఒంట్లోనే ఉంది. నర్సులు, ఆయాలు, చూడ్డానికి వచ్చినవాళ్ళు, పక్క మంచాలవాళ్ళు, అందరూ ఏమీ తెలియకుండా దాని చుట్టూ తిరిగారు. నవంబరు 20న ఆ గొట్టం ఊడి బయటికొచ్చింది. నర్సింగ్ హోములో దాన్ని మిగతా ఆసుపత్రి చెత్తతో పాటు ఎర్రసంచీలో వేశారు. మర్నాడు, అంటే 21న, ఆవిడ చనిపోయింది. 18 గ్రేలు అనుకున్న చోట, ఒక సెంటీమీటరు దూరంలో పదహారు వేల గ్రేలు పడ్డట్టు తర్వాత లెక్క తేలింది. ముసలావిడ, క్యాన్సర్ రోగి, పోయింది. అప్పటికి ఎవరికీ అనుమానం రాలేదు. రేడియేషన్ వల్లే పోయిందని కరోనర్ తేల్చింది ఆ తర్వాత ఎప్పటికో.

ఎర్రసంచీ మాత్రం ప్రయాణం చేస్తూనే ఉంది. 25న చెత్త కంపెనీ వాళ్ళు వచ్చి తీసుకెళ్ళారు. కార్నెగీ అనే ఊళ్ళో ఉన్న డిపో మీదుగా ఒహాయో రాష్ట్రంలోని వారెన్ అనే చోట చెత్త కాల్చే ప్లాంటుకి లారీ చేరింది. అక్కడి గేటు దగ్గర డిటెక్టరు మోగింది. మోగితే ఆ ప్లాంటు వాళ్ళు ఏం చేశారు? నమ్మారు. లారీని లోపలికి రానివ్వలేదు. అది వెనక్కి కార్నెగీకి వెళ్ళింది, పెట్టెలన్నీ వెతికారు, మోగుతున్న పెట్టె ఏదో పట్టుకున్నారు, కాగితాలు చూసి అది ఏ నర్సింగ్ హోమునుంచి వచ్చిందో, అక్కణ్ణుంచి ఏ క్యాన్సర్ కేంద్రమో లాగారు. డిసెంబరు 1న ఆ కేంద్రం ఎన్నార్సీకి ఫోన్ చేసి, మా సోర్సు చెత్త డిపోలో దొరికినట్టుందని చెప్పుకుంది. అప్పటిదాకా, రెండు వారాల పాటు, తమ దగ్గర సోర్సు లేదన్న సంగతే వాళ్ళకి తెలీదు.

క్యాన్సర్ ఆసుపత్రి నమ్మని ఎర్రలైటుని చెత్త కంపెనీ నమ్మింది. నాకు ఈ మొత్తం చరిత్రలో కొరుకుడు పడనిది ఇదే. రేడియేషన్ భౌతికశాస్త్రం చదువుకున్నవాళ్ళు ఉన్నది ఆసుపత్రి వైపు. కానీ చెత్త కంపెనీకి ఒక చిన్న నియమం ఉంది: మోగితే ఆపు, ఎందుకు మోగిందో తర్వాత చూద్దాం. ఆ నియమాన్ని అమలు చెయ్యడానికి గేటు దగ్గర ఒక మనిషి ఉన్నాడు. అతను ఎవరి అనుమతీ అడగక్కర్లేదు.

ఎన్నార్సీ పెద్ద విచారణ జరిపింది. తొంభై మందికి పైగా రేడియేషన్ సోకిందని లెక్క తేల్చింది (చాలామందికి పడింది తక్కువే, అది వేరే సంగతి). యంత్రం తయారీలో లోపాలు బయటపడ్డాయి. కానీ విచారణలో ఎక్కువ భాగం కార్పొరేషన్ యాజమాన్యం ఏం చూసుకోలేదన్న దాని చుట్టూనే తిరిగింది. 1993 జనవరిలో లైసెన్సు సస్పెండ్ చేశారు. అన్నట్టు, 1992 డిసెంబరు 7న పిట్స్‌బర్గ్‌లో ఇంకో ఆమ్నిట్రాన్‌లో కూడా ఇలాగే తీగ తెగింది. అప్పటికి ఇండియానా సంగతి తెలిసిపోయింది కాబట్టి అక్కడివాళ్ళు వెంటనే కనిపెట్టి సోర్సుని బయటికి తీసేశారు. అదే రకం యంత్రం, అదే వైఫల్యం, మూడు వారాల తేడా. మారింది మనుషుల అనుమానం ఒక్కటే.

ఇక్కడే మళ్ళీ థెరాక్ గుర్తొస్తుంది. ఆ స్లైడుల్లో సగం మంది చెప్పని ముక్క ఒకటుంది. 1986 మార్చిలో టెక్సాస్‌లోని టైలర్ అనే ఊరి క్యాన్సర్ కేంద్రంలో ఒక రోగికి ప్రమాదం జరిగితే, యంత్రం చేసిన కంపెనీ ఇంజనీర్లు వచ్చి చూసి, ఇది మోతాదు మించి ఇవ్వడం అసాధ్యం అని చెప్పి వెళ్ళారు. మన బగ్ ట్రాకర్ భాషలో 'కెనాట్ రీప్రొడ్యూస్', టికెట్ క్లోజ్డ్. ఏప్రిల్‌లో ఇంకో రోగికి మళ్ళీ అదే జరిగింది. ఆ కేంద్రంలో ఫ్రిట్జ్ హేగర్ అని సొంత భౌతికశాస్త్రవేత్త ఉన్నాడు. ఆయన వెంటనే యంత్రాన్ని ఆపేశాడు. ఆపి, రెండుసార్లూ యంత్రం దగ్గరున్న ఆపరేటర్ని పక్కన కూర్చోబెట్టుకుని, ఆవిడ ఆ రోజు ఏ వరసలో ఏ మీటలు నొక్కిందో మళ్ళీ మళ్ళీ నొక్కించాడు. ఎంత వేగంగా దిద్దితే ఆ ఎర్రర్ వస్తుందో పట్టుకునే దాకా వదల్లేదు. కంపెనీ వాళ్ళకి అది అప్పటికీ రాలేదు, వేగంగా కొట్టాలని ఈయనే ఫోన్లో చెప్పాల్సి వచ్చింది. బయటి వెండరు ఎంత గొప్పవాడైనా, ఆ ఆపరేటరు ఎంత వేగంగా టైపు చేస్తుందో వాడికి తెలీదు. పక్క గదిలో కూర్చునేవాడికి తెలుస్తుంది.

సరే, మన దగ్గర సంగతేంటి? మనకి నియమాలు లేవని ఎవరైనా అంటే నమ్మకండి. రేడియేషన్ రక్షణ నియమాలు మొదట 1971లో వచ్చాయి. 1983 నవంబరులో ఏఈఆర్‌బీ, అంటే అణుశక్తి నియంత్రణ మండలి, ఏర్పడింది. 2004లో నియమాల్ని తిరగరాశారు. యాజమాన్యం పని ఇది, లైసెన్సుదారు పని ఇది, ఆర్ఎస్ఓ పని ఇది, పనిచేసేవాడి పని ఇది అని వేరువేరుగా విడమర్చి పెట్టారు. ఆర్ఎస్ఓ సలహా చెబుతాడు, కొలిచి చూస్తాడు, రికార్డులు ఉండేలా చూస్తాడు. అంతమాత్రాన యాజమాన్యం చేతులు కడిగేసుకోవడానికి వీల్లేదు. ఒంటి మీద పెట్టుకునే టీఎల్‌డీ బ్యాడ్జీల సేవని 1975 నుంచి బార్క్ నడిపింది. తర్వాత బార్క్ గుర్తింపు పొందిన ప్రైవేటు ల్యాబులు కూడా ఆ పని అందుకున్నాయి. మూడు నెలలకోసారి బ్యాడ్జి పంపితే మోతాదు రిపోర్టు వస్తుంది. పరిమితి ఐదేళ్ళ సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. పరికరాలకీ కొదవ లేదు. ఈసీఐఎల్ క్రాస్‌రోడ్స్ అంటే మనలో చాలామందికి బస్సు మారే చోటే గానీ, 1967లో పుట్టిన ఆ ఈసీఐఎల్ రేడియేషన్ కొలిచే మీటర్లు చేసే సంస్థ అని ఎంతమందికి గుర్తుంటుంది?

అయినా 2010లో ఢిల్లీ మాయాపురిలో ఏమైందో చూశాం. విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో 1985 నుంచి వాడకుండా పడున్న కోబాల్ట్ పరికరాన్ని వేలం వేస్తే తుక్కు బజారుకి చేరింది. ఒక మనిషి ప్రాణం పోయింది. హువారెస్ జరిగిన పాతికేళ్ళ తర్వాత, అదే గోదాము, అదే మరుపు.

నాకు ఈ విషయం మీద ఇంత పట్టుదల ఎందుకంటే, మా పిన్ని కూతురు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో క్యాత్‌ల్యాబ్ టెక్నీషియన్. ఊరి పేరు, ఆసుపత్రి పేరు వద్దు. గుండెకి స్టెంటు వేసేంతసేపూ ఎక్స్‌రే నడుస్తూనే ఉంటుంది, తను పక్కనే నిలబడాలి. రోజుకి నాలుగైదు కేసులు. పండక్కి వచ్చినప్పుడు మాటల్లో అడిగాను.

"బ్యాడ్జి పెట్టుకుంటున్నావా?"

"సొరుగులో ఉంది అన్నయ్యా. పోగొడితే జీతంలో కోస్తామన్నారు. అందుకని అందరివీ ఒక డబ్బాలో పెట్టి తాళం వేశారు."

"మరి రిపోర్టు?"

"ప్రతిసారీ అందరికీ సున్నాలే. మేనేజరుగారు నోటీసు బోర్డుకి కూడా పెట్టారు, మన ఆసుపత్రి ఎంత సేఫో చూడండని."

సున్నా ఎందుకు రాదు మరి! సొరుగు నిజంగానే చాలా సురక్షితమైన చోటు. ఆర్ఎస్ఓ ఎవరని అడిగితే, బయటి ఏజెన్సీ ద్వారా పెట్టుకున్న మనిషి, మూడు నెలలకోసారి వచ్చి ఆఫీసులో టీ తాగి, ఫైళ్ళ మీద సంతకాలు పెట్టి వెళ్తాడంది. మందుల షాపు గోడ మీద వేలాడే ఫార్మసిస్టు సర్టిఫికెట్ గుర్తొచ్చింది నాకు. సీసపు ఏప్రన్‌లు మడతలు పడి లోపల చిట్లాయేమోనని ఎక్స్‌రే కింద పెట్టి చూడాలి. తను చేరిన మూడేళ్ళలో ఆ పని ఒక్కసారీ జరగలేదట. ఏజెన్సీకి డబ్బులు మాత్రం క్రమం తప్పకుండా వెళ్తున్నాయి. ఎందుకంటే కాంట్రాక్టులో అడిగింది రిపోర్టులూ సంతకాలూ. అవి వస్తూనే ఉన్నాయి. ఎస్‌ఎల్‌ఏ నూటికి నూరుపాళ్ళు!

ఇందులో దొంగతనం చేస్తున్నవాడు ఎవడూ లేడు, చూడండి. ల్యాబు తనకొచ్చిన బ్యాడ్జిని సరిగ్గానే చదివింది. ఏజెన్సీ అడిగిన సంతకం పెట్టింది. మేనేజరు బ్యాడ్జీలు పోకుండా కాపాడాడు. మా చెల్లెలి ఒంటికి ఎంత పడిందో మాత్రం మూడేళ్ళుగా ఎవరికీ తెలీదు. ఆ కాంట్రాక్టు నా చేతికిస్తే రిపోర్టుల లెక్క కొట్టేసి, ఆ మనిషి ఏడాదిలో ఎన్ని గంటలు క్యాత్‌ల్యాబ్ లోపల నిలబడ్డాడో రాయమంటాను. ఆసుపత్రి జీతం మీద ఉండే ఒక టెక్నీషియన్‌కో నర్సుకో, డాక్టరుని అడక్కుండా యంత్రం ఆపే హక్కు రాసిస్తాను. బ్యాడ్జి పోతే కోత లేదని మొదటి పేజీలోనే పెడతాను. ఖరీదైన షరతులేమీ కావు ఇవి. ఒహాయోలో చెత్త ప్లాంటు గేటు దగ్గర ఉన్నదీ ఇంతే కదా.

మా చెల్లెలు నాలాగా వ్యాసాలు రాసే రకం కాదు. సెలవు అయ్యాక వెళ్ళి, తాళం తీయించి, తన బ్యాడ్జి తీసుకుని ఏప్రన్ లోపల గుండె మీద తగిలించుకుంది. పోతే కోసుకోండి అందట. ఆ మూడు నెలలకి వచ్చిన రిపోర్టులో అందరి పక్కనా సున్నా, తన పేరు పక్కన మాత్రం ఒక అంకె. పరిమితికి బాగా లోపలే ఉంది గానీ, ఆఫీసులో కలకలం రేగింది. మేనేజరు పిలిచి నువ్వేం తప్పు చేశావని అడిగాడు. ఏజెన్సీకి ఫోన్ వెళ్ళింది. ఆ ఆర్ఎస్ఓగారు వచ్చి, మొదటిసారి ఆఫీసు దాటి లోపలికి నడిచి, ఏప్రన్‌లు వేసుకునే స్టాండు ఎక్కడుందని అడిగాడట.